ఉద్యోగితో పాటు ఖాతాదారుల గ్రూపులూ పోయాయి: ఆఫీసు సందేశాలకు నియమావళి ఎలా రాయాలి?

నక్కలగుట్ట_పరిపాలన | సోమవారం, ఉదయం 10:20

హనుమకొండలో నలభై మందికి పైగా పనిచేసే ఒక సంస్థలో పరిపాలన బాధ్యతలు చూస్తున్నాను. మా పని రెండు రకాలు. వరంగల్, పరకాల, జనగామ వ్యాపారులకు ఖాతా పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు చూడటం ఒకటి. అమెరికా ఆసుపత్రులకు సేవలందించే ఒక సంస్థ తరఫున మెడికల్ బిల్లింగ్ చేయడం రెండోది. మెయిల్ ఉంది కానీ దాన్ని తెరిచేది తక్కువ. బిల్లుల ఫొటోలు, సెలవు చీటీలు, జీతాల తగాదాలు అన్నీ వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి.

గత నెలలో ఒక సీనియర్ ఉద్యోగి మానేశారు. వ్యాపారుల గ్రూపులన్నీ ఆయన సొంత నంబరు మీద ఏర్పడ్డవే. చాలా గ్రూపుల్లో మా వైపు నుంచి ఉన్నది ఆయన ఒక్కరే. కొన్నింటిలో ఒక జూనియర్ అమ్మాయి కూడా ఉండేది, ఆమెను కూడా తీసేశారు. ఇప్పుడు ఒక వ్యాపారి తాను బిల్లులన్నీ గడువుకు ముందే పంపానని, రిటర్ను ఆలస్యమైనందుకు పడిన రుసుము మేమే భరించాలని అంటున్నారు. అవి ఎప్పుడు వచ్చాయో చూపడానికి మా దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

నియమావళి రాయమని యజమాని నాకు అప్పగించారు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు వేలమంది పనిచేసే కంపెనీల కోసం రాసినవి. మనలాంటి చోట దేనికి ముందు జాగ్రత్త పడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

అదాలత్_వకీలు | సోమవారం, మధ్యాహ్నం 1:45

పరిపాలన గారూ, మీరు చెప్పిన దాంట్లో మూడు చిక్కులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదట వ్యాపారి సంగతి. బిల్లులు గడువులోపే పంపానని అంటున్నది ఆయన, కాబట్టి వివాదం కోర్టుకెక్కితే రుజువు చేసుకోవలసిన భారం ముందుగా ఆయన మీదే పడుతుంది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం వాట్సాప్ సంభాషణ ప్రింటు దాఖలు చేసేటప్పుడు దానితో పాటు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీద ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి, రికార్డు హాష్ విలువ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. పాత చట్టంలోని 65బి సెక్షన్ గురించి 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని తేల్చింది. అసలు పరికరాన్నే దాని యజమాని సాక్షిగా వచ్చి చూపితే మాత్రం అక్కర లేదని అదే తీర్పు చెప్పింది. స్క్రీన్‌షాట్ తీసి కలర్ ప్రింటు కొట్టించి ఫైలులో పెడితే పనైపోయిందనుకునే కక్షిదారులు నా దగ్గరికి తరచూ వస్తుంటారు, వారికి ఇదే మాట చెప్పి పంపుతుంటాను.

రెండోది వెళ్లిపోయిన ఉద్యోగి సంగతి. ఆయన ఇంకో సంస్థలో చేరకూడదని మీ నియామక పత్రంలో రాసుకున్నా అది నిలవదు. వృత్తిని అడ్డుకునే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. గోప్యత షరతు వేరు, అది నిలుస్తుంది. ఒప్పందం ప్రకారం సేవలందిస్తూ తన చేతికి వచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, ఇతరులకు నష్టం కలిగించే ఉద్దేశంతో బయటపెడితే ఐటీ చట్టం 72ఎ సెక్షన్ కింద నేరమవుతుంది. అయితే గ్రూపు నుంచి మిమ్మల్ని తీసేయడం, సమాచారాన్ని బయటపెట్టడం ఒకటి కావు. ముందే పోలీస్ స్టేషన్ మెట్లెక్కకుండా, ఖాతాదారుల పత్రాలన్నీ తిరిగి అప్పగించమని మర్యాదగా ఒక లేఖ రాయండి.

మూడోదే అసలు జబ్బు. మీ సంస్థ ఏం మాట్లాడిందో మీ సంస్థకే తెలియని స్థితి అది. నియమావళి మొదలు కావలసింది అక్కడి నుంచే.

ఎనుమాముల_ఖాతా | సోమవారం, సాయంత్రం 6:10

నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మాకు మెయిల్ అనేదే లేదు, వ్యాపారమంతా ఫోన్‌లోనే. పోయిన సీజన్‌లో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను. అవతలి వ్యాపారి మా సేటుకు "తేజ 120 బస్తాలు, నిన్నటి రేటుకే ఖాయం" అని పెట్టాడు. సేటు బొటనవేలి బొమ్మ (ఎమోజీ) పెట్టి ఊరుకున్నాడు. మర్నాడు రేటు పడిపోయింది. ఖాయం అనలేదు, చూశానని మాత్రమే చెప్పానని సేటు అంటాడు. ఒప్పుకున్నావు కదా అని అవతలి వాడు అంటాడు. పైగా నిన్నటి రేటు అంటే పొద్దున వేలంలో తేలే జెండా పాట రేటా, సాయంత్రం ఆఖరు రేటా అన్నది కూడా తేలలేదు. చివరికి పెద్దమనుషులు కూర్చుని సగం సగం చేశారు.

నా ప్రశ్న ఏమిటంటే, ఆ బొమ్మకు చట్టంలో విలువ ఉంటుందా?

అదాలత్_వకీలు | సోమవారం, రాత్రి 8:30

ఖాతా గారూ, విలువ ఉంటుందని అనుకునే జాగ్రత్త పడాలి. ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. సంతకాలు లేకుండా మెయిళ్ల మీదే కుదిరిన ఒప్పందాన్ని సుప్రీంకోర్టు 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో గుర్తించింది.

మీ బొమ్మకు అచ్చంగా సరిపోయే తీర్పు కెనడాలో ఉంది. సస్కాచవాన్ కోర్టు 2023లో ఇచ్చింది. ధాన్యం కొనే సంస్థ 87 టన్నుల అవిసెల ఒప్పంద పత్రాన్ని ఫొటో తీసి రైతుకు పంపి ఖాయం చేయమని అడిగితే, ఆయన బొటనవేలి బొమ్మతో జవాబిచ్చాడు. సరుకు మాత్రం ఇవ్వలేదు. అందిందని చెప్పడానికే పెట్టానని ఆయన వాదించాడు. వారిద్దరి మధ్య అంతకు ముందు కూడా పొట్టి జవాబులతోనే ఒప్పందాలు నడిచాయి కాబట్టి ఇది కూడా సంతకమేనని కోర్టు భావించి, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. కానీ పాత అలవాటును బట్టి అర్థం చెప్పడమనే పద్ధతి మన న్యాయమూర్తులకు కొత్తేమీ కాదు. మీ సేటు గారి అలవాటు ఏమిటో మీరే చెప్పారు.

మడికొండ_కంప్లయన్స్ | మంగళవారం, ఉదయం 9:05

నేను మడికొండలో ఒక ఐటీ సంస్థలో చట్టాలు, నియమాలు పాటించేలా చూసే పని చేస్తున్నాను. పరిపాలన గారు జీఎస్టీ వ్యవహారం గురించి బాధపడుతున్నారు కానీ, ఆయన రాసినదాంట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మెడికల్ బిల్లింగ్.

ఒక్క ఉదాహరణ చూడండి. బీమా క్లెయిమ్ తిరస్కరణకు గురైంది, కారణం అర్థం కాలేదు. ఉద్యోగి మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి "అన్నా, ఇది ఎందుకు రిజెక్ట్ అయింది?" అని టీమ్ గ్రూపులో పెడతాడు. ఆ ఫొటోలో రోగి పేరు, పుట్టిన తేదీ, బీమా సభ్యత్వ సంఖ్య, రోగనిర్ధారణ కోడ్ స్పష్టంగా కనబడుతుంటాయి. గ్రూపులోని ప్రతి ఒక్కరి ఫోన్ గ్యాలరీలోకి ఆ బొమ్మ తనంతట తానే దిగుతుంది. అక్కడి నుంచి వారి సొంత గూగుల్ ఫొటోస్‌లోకి పోతుంది. ఇంట్లో అదే ఖాతాతో పిల్లలు వాడే ట్యాబ్‌లో కూడా కనబడుతుంది. అన్న జవాబు చెప్పాడు, పని జరిగిపోయింది, అందరూ మరిచిపోయారు. అమెరికా రోగి ఆరోగ్య వివరాలు మాత్రం హనుమకొండలోని పది ఇళ్లలో మిగిలిపోయాయి. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, అందుకే ఇది రోజూ జరుగుతుంది.

అమెరికాలో రోగి సమాచారానికి హిపా అనే చట్టం ఉంది. ఆసుపత్రి తరఫున పనిచేసే సంస్థలు, వాటి కింద పనిచేసే ఉపసంస్థలు కూడా రాతపూర్వక ఒప్పందం ద్వారా ఆ బాధ్యతను తలకెత్తుకుంటాయి. మీ యజమాని సంతకం చేసిన ఆ ఒప్పందాన్ని బయటికి తీసి, ఉల్లంఘన జరిగితే ఎన్ని గంటల్లో తెలపాలో, ఏ సాధనాలు వాడవచ్చో చదవండి. చాలా చిన్న సంస్థల్లో అది సంతకమైన రోజే బీరువాలోకి వెళ్లి, మళ్లీ వెలుగు చూడదు.

మన దేశపు చట్టం సంగతి కూడా చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. విదేశీ సంస్థతో ఒప్పందం మీద విదేశాల్లోని వ్యక్తుల డేటా చూసే వారికి అందులో చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంది. తగిన భద్రతా చర్యలు తీసుకోవాలన్న బాధ్యతకు మాత్రం మినహాయింపు లేదు, అందులో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. ఇక కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఇప్పటికే అమల్లో ఉన్నాయి. డేటా లీకు వంటి సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, సిస్టమ్ లాగ్‌లు (కంప్యూటర్లలో ఏం జరిగిందో తెలిపే నమోదులు) 180 రోజులు ఉంచాలి. ఉద్యోగి ఫోన్ పోయిన సంగతి యజమానికి మూడో రోజు తెలిసే చోట 6 గంటల గడువు ఎలా నిలబడుతుందో ఆలోచించండి.

సర్వర్_గది | మంగళవారం, ఉదయం 11:30

కంప్లయన్స్ గారు చెప్పిన ఫొటో ఉదాహరణ నూటికి నూరు పాళ్లు నిజం. బిల్లింగ్ గదిలోకి ఫోన్లే రానివ్వకూడదు. బయట లాకర్లు పెట్టండి. గది లోపల మాట్లాడుకోవడానికి కంప్యూటర్‌లోనే సంస్థ ఖాతాతో నడిచే చాట్ ఉండాలి.

వ్యాపారుల వైపు మాత్రం వాట్సాప్ మానిపించడం మీ తరం కాదు, నా తరమూ కాదు. పరకాలలో కిరాణా హోల్‌సేల్ నడిపే పెద్దమనిషిని పోర్టల్‌లో లాగిన్ అయి బిల్లులు ఎక్కించమంటే ఆయన ఇంకో అకౌంటెంట్‌ను చూసుకుంటాడు. కాబట్టి సంస్థ పేరు మీద సిమ్ తీసుకుని, ఆఫీసు ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్ పెట్టి, గ్రూపులన్నీ ఆ నంబరుతోనే సృష్టించండి. ఉద్యోగులు దానికి అనుసంధానమైన కంప్యూటర్ల నుంచి పనిచేస్తారు. ఎవరు మానేసినా నంబరు ఆఫీసులోనే ఉంటుంది. రెండంచెల ధ్రువీకరణ పిన్ యజమాని దగ్గర ఉండాలి, లేకపోతే కథ మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకో సలహా. 90 రోజులకు సందేశాలు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు పెట్టుకోండి. ఉన్న సందేశమే రేపు మెడకు చుట్టుకుంటుంది, లేనిది చుట్టుకోదు కదా.

అదాలత్_వకీలు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

సర్వర్ గారి మొదటి రెండు పేరాలు అంగీకరిస్తాను. మూడోది ప్రమాదకరం.

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఖాతాలు, రికార్డులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీగా నమోదైన సంస్థ తన ఖాతా పుస్తకాలను కంపెనీల చట్టం ప్రకారం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. వ్యాపారి పంపిన బిల్లు వాట్సాప్‌లో తప్ప ఇంకెక్కడా లేకపోతే, 90 రోజులకు మాయమైంది చాట్ కాదు, రికార్డు. అంతకన్నా ముఖ్యం ఏమిటంటే, వివాదం తలెత్తిందని తెలిశాక చెరపడం వేరే లెక్క. సాక్ష్యంగా రాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. లీగల్ నోటీసు అందిన మర్నాడు ఎవరో గ్రూపు ఖాళీ చేశారని తెలిస్తే, గెలిచే కేసు కూడా ఓడిపోతారు.

సర్వర్_గది | మంగళవారం, మధ్యాహ్నం 3:00

వకీలు సారు, మరి అన్నీ శాశ్వతంగా దాచుకుంటూ పోవాలా? అవసరం తీరిన వ్యక్తిగత డేటాను తొలగించాలని కొత్త డేటా చట్టమే చెబుతోంది. అక్కర లేని ఆధార్ ఫొటోలు ఆరేళ్లు పోగేసుకుంటే, రేపు ఫోన్ పోయినప్పుడు పోయేది అంతకంత ఎక్కువవుతుంది. దాచడం వల్ల వచ్చే నష్టాన్ని లాయర్లు తక్కువగా చూస్తారని నా అభిప్రాయం.

మడికొండ_కంప్లయన్స్ | మంగళవారం, సాయంత్రం 5:40

ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. "భోజనానికి వెళుతున్నాను" అనేది మాట. "మార్చి బిల్లులు 14 జతచేశాను" అనేది రికార్డు. వాట్సాప్‌లో రెండూ ఒకే వరుసలో పడతాయి కాబట్టి ఉంచితే రెండూ ఉంటాయి, పోతే రెండూ పోతాయి. బిల్లు వచ్చిన రోజే దాన్ని ఖాతాదారు ఫోల్డర్‌లో తేదీతో భద్రపరిచి, "మీ 14 బిల్లులు ఈ రోజు అందాయి" అని ఆఫీసు మెయిల్ నుంచి ఒక వాక్యం పంపితే, ఆ తర్వాత చాట్‌ను 90 రోజులకు తుడిచినా పెద్దగా ఇబ్బంది లేదు. వివాదంలో ఉన్న ఖాతాదారుల గ్రూపులో మాత్రం ఆ ఏర్పాటు వెంటనే ఆపేయాలి, ఆపమని చెప్పే అధికారం ఎవరిదో నియమావళిలో రాసి ఉండాలి.

చాట్ మీద ఇంత పట్టుదల ఎందుకని మా ఉద్యోగులు అడుగుతుంటారు. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2022 సెప్టెంబరులో 16 వాల్‌స్ట్రీట్ సంస్థల మీద మొత్తం 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది. ఉద్యోగులు సొంత ఫోన్ల చాట్‌లలో వ్యాపార విషయాలు మాట్లాడుకున్నారు, సంస్థలు ఆ సందేశాలను భద్రపరచలేదు. అదే వారి తప్పు. ఆ నియమం అలాంటి ఆర్థిక సంస్థలకే తప్ప మీ బిల్లింగ్‌కు వర్తించదు. కానీ అలాంటి భయం పట్టుకున్న విదేశీ ఖాతాదారులు తమ ఒప్పందాల్లో రాయించే షరతులు మన మడికొండ దాకా వస్తాయి.

సంఘం_గొంతు | మంగళవారం, రాత్రి 9:20

రామగుండం వైపు ఉద్యోగుల సంఘంలో పనిచేసేవాడిని. ఇప్పటిదాకా మాట్లాడిన వారంతా యజమాని వైపు నుంచే చూశారు. ఇలాంటి గొడవ జరిగిన ప్రతి చోటా తర్వాత వచ్చే సర్క్యులర్ ఒకటే: ఉద్యోగులు అడిగినప్పుడు తమ ఫోన్లు తనిఖీకి ఇవ్వాలి. ఆ ఫోన్ నా డబ్బుతో కొన్నది, రీచార్జి నాది, అందులో నా భార్య మెడికల్ రిపోర్టులు, నా బ్యాంకు వివరాలు ఉన్నాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు.

నియంత్రణ కావాలంటే ఫోన్ ఇవ్వండి, సిమ్ ఇవ్వండి. ఖర్చు ఉద్యోగిది, అజమాయిషీ మాత్రం సంస్థది అంటే కుదరదు. ఇంకొక్క మాట. రాత్రి పదకొండు గంటలకు "అర్జెంట్, ఇప్పుడే పంపు" అని మేనేజరు పెట్టే సందేశాలు కూడా రికార్డులే. రేపు ఓవర్‌టైమ్ తగాదా వస్తే వాటినే ముందు పెడతాం. ఆ సంగతి మేనేజర్లకు కూడా శిక్షణలో చెప్పండి.

అదాలత్_వకీలు | మంగళవారం, రాత్రి 10:05

సంఘం గారి మాటలో బలం ఉంది. ఒక సవరణ మాత్రం చెబుతాను. పుట్టస్వామి తీర్పు ప్రధానంగా ప్రభుత్వానికి, పౌరుడికి మధ్య హక్కు గురించినది, ప్రైవేటు యజమాని మీద దాన్ని నేరుగా ప్రయోగించడం అంత సులువు కాదు. కొత్త డేటా చట్టం 7వ సెక్షన్ ఉద్యోగానికి సంబంధించిన అవసరాల కోసం, రహస్యాలు బయటికి పోవడం వంటి నష్టాల నుంచి సంస్థను కాపాడుకోవడం కోసం, సమ్మతి లేకుండా డేటా వాడుకునే వీలు కల్పిస్తోంది. ఆఫీసు మెయిల్, ఆఫీసు కంప్యూటర్ విషయంలో సంస్థకు అది అండగా ఉంటుంది. సొంత ఫోన్ మొత్తం తెరిచి చూపించమనడానికి దాన్ని అంతదూరం లాగలేమని నా అభిప్రాయం.

కరీంనగర్_హెచ్ఆర్ | బుధవారం, ఉదయం 8:50

ఇంతసేపూ బిల్లులు, రికార్డుల గురించే నడిచింది. నేను ఒక సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీలో సభ్యురాలిని. మా ముందుకు వచ్చే ఫిర్యాదుల్లో చాట్ ప్రస్తావన లేనివి అరుదు. పేర్లు, వివరాలు ఏవీ చెప్పను, ఎలా మొదలవుతాయో మాత్రం చెబుతాను. ఆఫీసు గ్రూపులో డీపీ మార్చినందుకు పొగడ్త, తర్వాత విడిగా "గుడ్ నైట్" బొమ్మలు, జవాబు ఇవ్వకపోతే మర్నాడు పనిలో వంకలు పెట్టడం. ఆఫీసు గంటల తర్వాత సొంత ఫోన్‌లో పంపుకున్నది సంస్థకు సంబంధం లేదని మగవాళ్లు చాలామంది నిజాయితీగానే నమ్ముతారు. పై అధికారి నంబరు ఆ అమ్మాయి దగ్గర ఉన్నదే ఉద్యోగం వల్ల అనే సంగతి వారికి తట్టదు.

పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా, పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. కమిటీ వేయకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా. పరిపాలన గారూ, మీ దగ్గర నలభై మంది ఉన్నారు. కమిటీ ఉందా?

ఫిర్యాదును ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. వరుసగా జరిగితే చివరి ఘటన నుంచి లెక్క, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది 16వ సెక్షన్ దగ్గర. ఫిర్యాదు చేసినవారి పేరు, ఫిర్యాదులోని విషయం, విచారణ వివరాలు బయటపెట్టకూడదని అది చెబుతుంది. మన దగ్గర ఏం జరుగుతుంది? ఫిర్యాదు అందిన సాయంత్రానికే "మేనేజర్స్ ఓన్లీ" గ్రూపులో స్క్రీన్‌షాట్ పడుతుంది, కింద నవ్వు బొమ్మలు వస్తాయి. మొదటి తప్పు ఒకరిది, ఈ రెండో తప్పు సంస్థది.

నక్కలగుట్ట_పరిపాలన | బుధవారం, మధ్యాహ్నం 12:40

హెచ్ఆర్ గారూ, కమిటీ కాగితం మీద ఉంది కానీ బయటి సభ్యురాలి పదవీకాలం ముగిసిపోయింది. ఈ వారమే కొత్తగా నియమిస్తాము. మా ఆఫీసు గ్రూపులకు అడ్మిన్‌గా నేనే ఉన్నాను. అందులో ఎవరో పెట్టిన దానికి నేను జైలుకు వెళతానని మిత్రులు భయపెడుతున్నారు. అది నిజమా?

అదాలత్_వకీలు | బుధవారం, మధ్యాహ్నం 1:30

అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరులు పెట్టిన పోస్టుకు క్రిమినల్ బాధ్యత రాదని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ముందే కుమ్మక్కై చేయిస్తే వేరు. అయితే మీరు అడ్మిన్ మాత్రమే కాదు, సంస్థ ప్రతినిధి కూడా. అసభ్యకరమైన వీడియో పడింది, మీరు చూశారు, ఊరుకున్నారు అంటే నేరం రాకపోయినా, సురక్షితమైన పని వాతావరణం కల్పించాల్సిన బాధ్యతలో సంస్థ విఫలమైందనడానికి అదే ఆధారమవుతుంది. తొలగించండి, అయితే తొలగించే ముందు ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టారో భద్రపరచండి.

సెక్షన్_సూపరింటెండెంట్ | బుధవారం, సాయంత్రం 4:15

జగిత్యాల జిల్లాలో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ప్రైవేటు వారికి పనికొచ్చే ఒక్క ముక్క మాత్రం చెబుతాను. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్)లో సమాచారం అంటే ఈ-మెయిళ్లు, ఎలక్ట్రానిక్ రూపంలోని డేటా కూడా అని స్పష్టంగా ఉంది. మీ సంస్థ ప్రభుత్వ కార్యాలయంతో టెండరు గురించో బిల్లు గురించో మెయిల్ నడిపితే, అది మా ఫైలులో చేరుతుంది, మినహాయింపులకు లోబడి మూడో మనిషికి కూడా చేరవచ్చు. "సార్‌ను చూసుకుంటాం" వంటి వాక్యాలు సరదాకైనా రాయకండి.

నక్కలగుట్ట_పరిపాలన | గురువారం, ఉదయం 10:00

అందరి మాటలూ విన్నాక ఒక ముసాయిదా తయారు చేశాను. ముఖ్యమైన వాక్యాలు ఇక్కడ పెడుతున్నాను, దయచేసి తప్పులు పట్టండి.

"ఖాతాదారులతో సంభాషణ సంస్థ పేరు మీద ఉన్న నంబరు ద్వారా, సంస్థ మెయిల్ ద్వారా మాత్రమే జరగాలి. ఖాతాదారు పొరపాటున ఉద్యోగి సొంత నంబరుకు పత్రం పంపితే, దాన్ని అదే రోజు సంస్థ ఫోల్డర్‌లోకి చేర్చి, తన ఫోన్ నుంచి తొలగించాలి. ధర, గడువు, బాధ్యత వంటి అంశాల మీద అంగీకారాన్ని బొమ్మలతో, ఒంటి మాటలతో తెలపరాదు, పూర్తి వాక్యంలో రాయాలి. రోగుల సమాచారం ఉన్న తెరను ఫొటో తీయరాదు. ఫోన్ పోయినా, సందేశం పొరపాటున వేరే వారికి వెళ్లినా ఒక గంటలోగా పరిపాలన విభాగానికి చెప్పాలి. సంస్థ ఎప్పుడైనా ఉద్యోగి ఫోన్‌ను తనిఖీ చేయవచ్చు."

సంఘం_గొంతు | గురువారం, ఉదయం 10:25

చివరి వాక్యం చూడగానే మొదటి ఐదు వాక్యాల మీద నమ్మకం పోతుంది.

మడికొండ_కంప్లయన్స్ | గురువారం, ఉదయం 11:10

నేను కూడా సంఘం గారితో ఏకీభవిస్తాను. ఆ వాక్యం పనిచేయదు సరికదా, ఫోన్ పోయిందని గంటలో చెప్పాల్సిన ఉద్యోగి భయపడి దాచేలా చేస్తుంది. ఆ గంటలోపు చెప్పినవారి మీద, ఉద్దేశపూర్వకంగా చేసిందైతే తప్ప, క్రమశిక్షణ చర్య ఉండదని దాని బదులు రాయండి. మీకు కావలసింది వార్త త్వరగా చేరడం.

అదాలత్_వకీలు | గురువారం, మధ్యాహ్నం 1:20

తనిఖీ వాక్యాన్ని ఇలా మార్చండి: "సంస్థ ఇచ్చిన పరికరాలు, ఖాతాలు పని అవసరాల కోసం సంస్థ పరిశీలనకు లోబడి ఉంటాయి. సొంత ఫోన్‌లో సంస్థ పత్రాలు ఉన్నాయని సహేతుకమైన కారణం ఉన్నప్పుడు, ఉద్యోగి సమక్షంలో, ఆయన రాతపూర్వక సమ్మతితో, ఆ పత్రాలను మాత్రమే తిరిగి తీసుకుంటారు." ఉద్యోగం మానేటప్పుడు గ్రూపుల బాధ్యతల అప్పగింతను, తుది లెక్కల చెల్లింపు నాటి కాగితాల్లో ఒక అంశంగా చేర్చండి. జీతం ఆపి బెదిరించడానికి మాత్రం దాన్ని వాడకండి, అది ఇంకో కేసు అవుతుంది. తెలుగులోనే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. అర్థం కాని ఇంగ్లిషు పత్రం మీద సంతకం ఉన్నా, ఉద్యోగికి తెలియజేశామని నిరూపించడం కష్టమవుతుంది.

నక్కలగుట్ట_పరిపాలన | గురువారం, సాయంత్రం 5:30

మార్చాను. పాత ఉద్యోగికి లేఖ రాస్తే, ఆయన ఆదివారం వచ్చి పత్రాలు అప్పగిస్తానన్నారు. వ్యాపారి మాత్రం మెత్తబడలేదు. ఈ లోపు మా వైపు నుంచి ఆధారంగా చేసుకోగలిగింది ఏదైనా ఉందా?

సర్వర్_గది | గురువారం, సాయంత్రం 6:05

ఉంది. గ్రూపు నుంచి తీసేసినా, అప్పటిదాకా వచ్చిన సందేశాలు ఆ సభ్యుల ఫోన్‌లో అలాగే ఉంటాయి. మీ జూనియర్ అమ్మాయి ఆ వ్యాపారి గ్రూపులో ఉండి ఉంటే, ఆమె ఫోన్‌లో బిల్లుల తేదీలు, సమయాలు ఇంకా ఉన్నట్టే. ఆమె ఒప్పుకుంటే, ఆమె చేతులతోనే ఆ ఒక్క చాట్‌ను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఫొటోలతో సహా చేస్తే ఇటీవలి పది వేల సందేశాల వరకే వస్తాయి, కాబట్టి ఫొటోలు లేకుండా ఇంకోసారి కూడా చేయించండి. ఆ ఫైలు హాష్ విలువ అప్పటికప్పుడే తీసి రాసి పెట్టుకోండి, వకీలు గారు చెప్పిన ధ్రువపత్రానికి అది కావాలి. ఆ ఫోన్‌ను మాత్రం ఆమె మార్చకుండా, రీసెట్ చేయకుండా చూడండి. కొత్త ఫోన్ కొనుక్కోవాలని ఆమె ఇప్పటికే అనుకుంటుంటే, పాతది సంస్థే ధర కట్టి తీసుకుని బీరువాలో పెట్టడం మంచిది.